నెలకోసారి అందే ఆహార సాయం, పెద్ద కుటుంబం: ఎలా కొనాలి, ఏది ఎంచుకోవాలి?

సాయం అందిన మొదటి పది రోజులు ఏ ఇల్లయినా బాగానే నడుస్తుంది. ఇబ్బందంతా చివరి వారంలోనే. డబ్బాలు అడుగంటుతాయి, పిల్లలు ఇంకొంచెం పెట్టమని అడుగుతారు, వండేవాళ్లు తమ వాటా తగ్గించుకుని "నాకు ఆకలిగా లేదు" అంటారు. ఏడెనిమిది మంది తినే ఇంట్లో, తక్కువ ధరకి ఏది దొరుకుతుంది అని వెతకడం కంటే, ఇవాళ పెట్టిన డబ్బు నెలాఖరున కూడా కంచంలో కనిపిస్తుందా అని చూడడం ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఈ పోలికలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే చేశాను.

## ముందు లెక్క వేసుకోండి

సాయం సాధారణంగా మూడు రూపాల్లో అందుతుంది: చేతికి నగదు, తిండికి మాత్రమే చెల్లే కూపన్ లేదా కార్డు, నేరుగా సరుకులు. ఐక్యరాజ్యసమితి నడిపే ప్రపంచ ఆహార కార్యక్రమం కూడా ఈ మూడు పద్ధతులూ వాడుతుంది. మీకు కార్డో కూపనో ఉంటే రెండు విషయాలు ఇచ్చినవాళ్లనే అడిగి తెలుసుకోండి: ఈ నెల మిగిలిన డబ్బు వచ్చే నెలకి వెళ్తుందా, లేక పోతుందా? ఏ సరుకులకి చెల్లదు? ఈ రెండూ తెలియకుండా ప్లాన్ వేస్తే, కింద చెప్పే పొదుపు సలహాలే మీకు నష్టం తెచ్చే అవకాశం ఉంది. మిగిలింది పోయే పద్ధతైతే, ఆఖరి రోజుల్లో ఆ మిగులుతో నిల్వ ఉండే పప్పో నూనో కొనేసుకోవడమే మంచిది.

ఇక ఎంత కావాలి అన్నది. విపత్తు సమయాల్లో సహాయ సంస్థలు మనిషికి రోజుకి 2,100 కిలో క్యాలరీలు అన్న లెక్కతో ప్లాన్ చేస్తాయి. అందులో కనీసం పదో వంతు ప్రోటీన్ నుంచి, దాదాపు ఆరో వంతు కొవ్వు నుంచి రావాలంటాయి. ఇది చిన్నపిల్లల్నీ పెద్దవాళ్లనీ కలిపి తీసిన సగటు, ఎదిగే వయసు కుర్రాళ్లకీ ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకీ ఇంతకంటే ఎక్కువే కావాలి. కానీ మొత్తం ఇంటికి లెక్క వేయడానికి బాగా పనికొస్తుంది.

ఎనిమిది మంది ఇంటికి చూద్దాం. రోజుకి 16,800 కిలో క్యాలరీలు, 30 రోజులకి 5,04,000. సగం శక్తి ధాన్యం నుంచి వస్తుందనుకుంటే, కిలో బియ్యంలోనో పిండిలోనో సుమారు 3,500 నుంచి 3,600 కిలో క్యాలరీలు ఉంటాయి కాబట్టి నెలకి 70 కిలోలు. మనిషికి రోజూ 60 గ్రాముల పప్పు చొప్పున దాదాపు పద్నాలుగున్నర కిలోలు. 25 గ్రాముల నూనె చొప్పున 6 కిలోలు. ఈ మూడూ కలిస్తే మనిషికి 1,500 కిలో క్యాలరీల దగ్గరికి వస్తాయి. మిగతా 600 గుడ్లు, పాలు, దుంపలు, కూరగాయలు, వేరుశనగలు నింపాలి. మీ ఇంట్లో ఎంతమంది ఉంటే అంతకి ఈ అంకెల్ని మార్చుకోండి. ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి ఉంటే చాలు, దుకాణంలో టెన్షన్ సగం తగ్గుతుంది.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని, ప్రతి వస్తువునీ నాలుగు కోణాల్లో చూడండి: ఉడికాక కంచంలోకి వచ్చేదానికి ఎంత పడుతోంది, ఎన్నాళ్లు నిలుస్తుంది, వండడానికి ఎంత గ్యాసూ సమయమూ పడతాయి, ఇంట్లోవాళ్లు తింటారా. ఈ నాలుగోదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. పిల్లలు ముట్టని చవక సరుకు చివరికి చెత్తబుట్టలోకే పోతుంది, అంటే అంత ఖరీదైనది ఇంకోటి లేదు.

## ఒకేసారి కొనాలా, వారం వారమా, ఏ రోజుకారోజా?

| చూడాల్సింది | నెలకోసారి | వారానికోసారి | ఏ రోజుకారోజు |
|---|---|---|---|
| కిలో ధర | పెద్ద మూటల్లో సాధారణంగా తక్కువ | మధ్యస్థం | చిన్న పొట్లాల్లో ఎక్కువ |
| పాడయ్యే భయం | తాజా సరుకుకి చాలా ఎక్కువ | తక్కువ | దాదాపు లేదు |
| చివరి వారానికి భరోసా | పొడి సరుకుకి బాగుంటుంది | డబ్బు విడదీసి ఉంచితేనే | చాలా తక్కువ |
| దాచుకునే చోటు | కావాలి | కొంచెం చాలు | అక్కర్లేదు |
| దారి ఖర్చు, సమయం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |

నెలకోసారి మొత్తం కొనేయడంలో ఒక పెద్ద సుఖం ఉంది, డబ్బు ఇంకో అవసరానికి జారిపోదు. బియ్యం మూట ఇంట్లో ఉంటే అది తిండిగానే ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఇల్లు నిండుగా కనిపించేసరికి మొదటి వారం చేయి ధారాళంగా వడ్డిస్తుంది. పిల్లలు బిస్కెట్లూ పళ్లూ మూడు రోజుల్లో ఖాళీ చేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు, కళ్లెదుట ఉన్నది తింటారు. పైగా తాజా కూరగాయలు నాలుగు వారాలు ఆగవు.

ఏ రోజుకారోజు కొనడం బయటివాళ్లకి దుబారాగా కనిపిస్తుంది గానీ, రోజుకూలీ మీద బతికే ఇంటికి, ఫ్రిజ్ లేని ఇంటికి, ఒకే గదిలో అందరూ పడుకునే ఇంటికి చాలాసార్లు ఉన్న దారి అదొక్కటే. ఆ ఇళ్లకి "పెద్ద మూట కొనుక్కోండి" అని చెప్పి ఊరుకోవడం సరికాదు. అలాంటివాళ్లు కనీసం మూడు వస్తువులు, ధాన్యం, పప్పు, నూనె, సాయం అందిన వారంలోనే కొని పెట్టుకుని, మిగతావి రోజువారీగా తెచ్చుకుంటే చాలావరకు గండం గడుస్తుంది. పక్కింటివాళ్లతో కలిసి ఒక మూట కొని పంచుకోవడం కూడా మంచి పద్ధతే, చోటు సమస్య ఉండదు, ధర మాత్రం మూటదే పడుతుంది.

ఎక్కువ ఇళ్లకి నా సలహా మాత్రం రెండూ కలిపిన పద్ధతి. వచ్చిన సాయాన్ని వంద భాగాలు అనుకోండి. 55 నుంచి 60 భాగాలతో మొదటి రెండు రోజుల్లోనే నెలకి సరిపడా ధాన్యం, పప్పు, నూనె, ఉప్పు కొనేయండి. 30 భాగాల్ని నాలుగు సమాన వాటాలు చేసి వారానికొకటి గుడ్లు, పాలు, కూరగాయలకి వాడండి. మిగిలిన 10 నుంచి 15 భాగాలు 22వ తేదీ దాకా ముట్టుకోవద్దు (సాయం ఒకటో తేదీన అందుతుందనుకుని చెబుతున్నాను, మీ తేదీని బట్టి మార్చుకోండి). నగదైతే వేరే కవర్లో వేసి పెట్టండి, కార్డైతే ప్రతిసారీ మిగులు ఎంతో కాగితం మీద రాసుకోండి. మూటల విషయంలో కూడా ఇదే చేయొచ్చు: బియ్యం వచ్చిన రోజే నాలుగు డబ్బాల్లోకి సమానంగా పోసి, నాలుగో డబ్బాని అటక మీద పెట్టండి. రెండో వారంలోనే మూడో డబ్బా తెరవాల్సి వస్తే లెక్క ఎక్కడ తప్పుతోందో అప్పుడే తెలుస్తుంది, ఇంకా సరిదిద్దుకునే టైం ఉంటుంది.

ఒక హెచ్చరిక. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అని అనుకోకండి. ఒక్కోసారి చిన్న ప్యాకెట్ మీదే తగ్గింపు ఉంటుంది. ధరని బరువుతో భాగించి చూడడం తప్ప వేరే దారి లేదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి అక్కడే చూసుకోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

## ప్రోటీన్ ఎక్కడ కొనాలి?

డబ్బు తక్కువైనప్పుడు ముందు తగ్గిపోయేది ఇదే, పిల్లల ఎదుగుదలకి ఎక్కువ దెబ్బ కొట్టేదీ ఇదే. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

కిలో ధరలు పోల్చడం వల్ల లాభం లేదు, ఎందుకంటే కిలో పాలల్లో ఉన్న ప్రోటీన్ వేరు, కిలో పప్పులో ఉన్నది వేరు. అందుకని 10 గ్రాముల ప్రోటీన్ కావాలంటే ఏది ఎంత కొనాలో కింద ఇచ్చాను. మీ దగ్గర ఉన్న ధరతో గుణించుకుంటే ఏది చవకో మీకే తేలిపోతుంది.

| సరుకు | 10 గ్రాముల ప్రోటీన్‌కి సుమారుగా | నిల్వ | గమనించాల్సింది |
|---|---|---|---|
| ఎండు సోయా గింజలు | 30 గ్రాములు | నెలలు | నానబెట్టి బాగా ఉడికించాలి |
| కొవ్వు తీసిన పాలపొడి | 30 గ్రాములు | మూత తీయకపోతే నెలలు | కలిపాక మామూలు పాలలాగే పాడవుతుంది |
| వేరుశనగలు | 40 గ్రాములు | వారాలు, నెలలు | బూజు పట్టినవి, చేదెక్కినవి తినకూడదు |
| పప్పులు, శనగలు, చిక్కుడు గింజలు (ఎండువి) | 40 నుంచి 50 గ్రాములు | నెలలు | ఉడికే సమయం ఒక్కోదానికి ఒక్కోలా |
| డబ్బా చేప (నీళ్లు వంపాక) | 45 గ్రాములు | చాలా నెలలు | ఉప్పు ఎక్కువ ఉండొచ్చు |
| ఎముక లేని కోడిమాంసం (పచ్చిది) | 50 గ్రాములు | ఫ్రిజ్‌లో ఒకటి, రెండు రోజులు | ఎముకతో అయితే 70 గ్రాముల పైనే |
| గుడ్లు | ఒకటిన్నర నుంచి రెండు | ఫ్రిజ్‌లో వారాలు | త్వరగా ఉడుకుతాయి |
| పాలు | 300 మిల్లీలీటర్లు | కొద్ది రోజులు | పిల్లలకి కాల్షియం కూడా |
| గోధుమ పిండి | 80 నుంచి 100 గ్రాములు | వారాలు | శక్తి ఎక్కువగా వస్తుంది |
| బియ్యం | 140 గ్రాములు | నెలలు | ఇదొక్కటే సరిపోదు |

పై లెక్కలో మనిషికి రోజూ 290 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పు పెట్టాం కదా, వాటి నుంచి 35, 40 గ్రాముల ప్రోటీన్ వచ్చేస్తుంది. ఆ సగటు లెక్కన కావాల్సింది 52 గ్రాముల చుట్టూ. అంటే పూడ్చాల్సిన లోటు మనిషికి 12 నుంచి 17 గ్రాములు మాత్రమే. ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగలు ఉంటే ఆ లోటు తీరిపోతుంది. ఈ సంగతి తెలిస్తే మాంసం కొనలేకపోతున్నాం అన్న దిగులు చాలావరకు పోతుంది.

ఎండు పప్పులూ గింజలూ ఇక్కడ అందరికంటే ముందుంటాయి. అర కిలో ఎండు గింజలు ఉడికితే కిలో పైనే అవుతాయి, అదే డబ్బాలో ఉడికించి అమ్మేవి కొంటే ఆ నీళ్లకి కూడా మనమే డబ్బు కడుతున్నట్టు. ప్రోటీన్ చిన్న చిన్న భాగాలతో (అమైనో ఆమ్లాలతో) తయారవుతుంది. వాటిలో ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో బాగా ఉంటుంది, పప్పులో తక్కువున్న మిథియోనిన్ ధాన్యంలో ఉంటుంది, అందుకే రెండూ తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. ఒకే పూట కలిపి తినాలని కూడా లేదు, ఒకే రోజులో తింటే చాలు.

అయితే గ్యాసు లెక్క కూడా చూడాలి. పొట్టు తీసిన చిన్న పప్పులు అరగంటలో ఉడుకుతాయి, పెద్ద గింజలు నానబెట్టినా గంటకు తక్కువ పట్టవు. ప్రెషర్ కుక్కర్ ఉంటే పెద్ద గింజలు లాభం, లేకపోతే చిన్న పప్పులే లాభం. ఎర్ర రాజ్మా గింజల విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. అవి సరిగా ఉడక్కపోతే వాటిలో సహజంగా ఉండే లెక్టిన్ అనే విషపదార్థం వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పది నిమిషాలకు తగ్గకుండా బాగా తెర్లించి, ఆ తర్వాతే మంట తగ్గించి మెత్తబడేదాకా ఉడికించాలి. సన్నటి వేడి మీద గంటల తరబడి వండే ఎలక్ట్రిక్ స్లో కుక్కర్లలో వీటిని నేరుగా వేయకూడదు, ఆ వేడి చాలదు.

గుడ్లు నా దృష్టిలో రెండో స్థానం. ధర పప్పు కంటే ఎక్కువే పడొచ్చు కానీ పది నిమిషాల్లో అయిపోతాయి, పిల్లలు తింటారు, ఒక్కొక్కరికి ఒకటి అని సమానంగా పంచడం తేలిక. పెద్ద కుటుంబంలో ఇది చిన్న విషయం కాదు. పైగా బి12 విటమిన్ సహజంగా గుడ్లు, పాలు, చేప, మాంసం లాంటివాటి నుంచే వస్తుంది, పప్పులోనూ కూరల్లోనూ ఉండదు. కాబట్టి ఖర్చు తగ్గించడానికి వీటన్నిటినీ ఒకేసారి ఆపేయకండి. అసలు తినని ఇళ్లయితే బి12 కలిపిన ఆహారమో, డాక్టర్ చెప్పిన మాత్రో ఉండాలి.

పాలా, పాలపొడా? ఫ్రిజ్ లేనివాళ్లకీ, దూరం వెళ్లి కొనేవాళ్లకీ పొడే నయం. కొవ్వు తీసిన పొడి 100 గ్రాములతో దాదాపు లీటరు పాలు అవుతాయి, ఆ లెక్కన మీ దగ్గర రెండు ధరలూ పోల్చుకోండి. రెండేళ్లలోపు పిల్లలకి మాత్రం కొవ్వు తీసినవి సరిపోవు, వాళ్ల ఎదుగుదలకి కొవ్వు కావాలి.

మాంసం మానేయాల్సిన పని లేదు, దాని పాత్ర మార్చితే చాలు. ముక్కలు లెక్కపెట్టి వడ్డిస్తే ఎనిమిది మందికి ఎప్పుడూ చాలదు. ఎముకతో కొని, ఎముకల్ని మరిగించి ఆ రసంలో పప్పూ దుంపలూ ఉడికించి, మాంసాన్ని చిన్నగా తరిగి కలిపితే అంతే మాంసం రెండు పూటలకి వస్తుంది. అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, పక్కనున్న పప్పులోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా సాయపడుతుంది.

## ధాన్యం, దుంపలు

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీ ఇంట్లో ఏది అలవాటో అదే కొనండి. ఒకే ధాన్యం మీద ఆధారపడకుండా రెండు రకాలు ఉంచుకుంటే ఒకదాని ధర పెరిగినప్పుడు ఇంకోదానికి మారొచ్చు. బంగాళాదుంపలు చవక అనిపిస్తాయి కానీ వాటిలో ఎక్కువ భాగం నీళ్లే. 100 గ్రాముల దుంపలో 75, 80 కిలో క్యాలరీలు ఉంటే, 100 గ్రాముల బియ్యంలో 350 పైనే. కాబట్టి దుంపల ధర బియ్యం ధరలో నాలుగో వంతు, ఐదో వంతు ఉంటేనే కడుపు నింపే లెక్కలో అవి సమానం. దుంపల్లో సి విటమిన్ కొంత ఉంటుంది, అది వాటికి అదనపు మార్కు. పచ్చబడ్డవీ బాగా మొలకలొచ్చినవీ కొనకండి.

## కూరగాయలు: తాజావా, ఫ్రోజెన్‌వా, డబ్బాలోవా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 400 గ్రాముల పండ్లూ కూరగాయలూ తినమంటుంది. ఎనిమిది మందికి అంటే రోజూ మూడు కిలోల పైమాట. బిగుతు బడ్జెట్‌లో ఇది అన్ని రోజులూ కుదరదు. కుదిరినంత దాకా వెళ్లడమే లక్ష్యంగా పెట్టుకోండి, ఆ అంకె చూసి బెంగపడకండి.

తాజావి ఆ కాలంలో పండేవైతే ధరలో వాటిని కొట్టేవి లేవు. క్యాబేజీ, క్యారెట్, ఉల్లి, గుమ్మడి వారాల తరబడి నిలుస్తాయి కాబట్టి నెల మధ్యలో కొని చివరికి ఉంచుకోవడానికి ఇవి మంచివి. ఆకుకూరలు, టమాటాలు కొన్న మొదటి రెండు, మూడు రోజుల్లో అయిపోవాలి. ఫ్రోజెన్‌వి పోషకాల్లో తాజావాటికి తీసిపోవు, తరుగు ఉండదు, కావాల్సినంతే తీసుకోవచ్చు. ఫ్రీజర్ ఉన్న ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లూ పనికి వెళ్తుంటే నేను వీటికే ఓటేస్తాను. డబ్బావి ఫ్రిజ్ లేని ఇంటికీ చివరి వారానికీ పనికొస్తాయి. ఉప్పునీళ్లలో ఉన్నవైతే వంపేసి కడిగితే ఉప్పు చాలావరకు తగ్గుతుంది. పెద్దవాళ్లకి మొత్తం ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలన్నది గుర్తుంచుకోండి, ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే మరీను.

పప్పుతో పాటు నిమ్మరసమో టమాటానో ఏదో ఒక సి విటమిన్ ఉన్నది పెడితే పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతో టీ, కాఫీ తాగితే తగ్గుతుంది, కాబట్టి ఓ గంట ఆగి తాగమనండి. ఒక్క పైసా ఖర్చు లేని మార్పు ఇది.

## ఎలా వండాలి?

వారానికి సరిపడా ఒకేసారి వండేయడం, రోజూ రెండు పూటలా వండడం, ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది. గింజలూ ఉల్లిపాయల ముద్దా లాంటి మూలపదార్థాల్ని వారానికి రెండుసార్లు ఎక్కువగా చేసి పెట్టుకుని, రోజూ వాటితో కొత్తగా ఏదో ఒకటి కలిపి వండడం. రుచి మారుతుంది, గ్యాసు తగ్గుతుంది, ఒకే వంట తిని తిని పిల్లలు విసుగెత్తిపోరు. ఫ్రిజ్ ఉన్నవాళ్లకి ఇదే మేలు. ఫ్రిజ్ లేకపోతే మాత్రం ఏ పూటకాపూట వండడమే సురక్షితం, మిగలకుండా కొలిచి వండడం నేర్చుకోవాలి.

నిల్వ విషయంలో రాజీ పడొద్దు, ఎందుకంటే ఇంట్లో అందరికీ ఒకేసారి విరేచనాలు పట్టుకుంటే మందుల ఖర్చు నెల బడ్జెట్‌నే మింగేస్తుంది. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. వెడల్పు గిన్నెల్లో పరిచి త్వరగా చల్లార్చి, 5 డిగ్రీల లోపు ఉండేలా ఫ్రిజ్‌లో పెట్టి, మూడు, నాలుగు రోజుల్లో తినేయాలి. మళ్లీ వేడి చేసేటప్పుడు మధ్యలో కూడా పొగలు వచ్చేలా వేడి కావాలి. అన్నంతో ఇంకా జాగ్రత్త: బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, బయట ఉంచిన అన్నంలో అవి పెరిగి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ప్యాకెట్ మీద తేదీలు కూడా చూడడం నేర్చుకోండి. "ఈ తేదీలోపు నాణ్యత బాగుంటుంది" అన్నది రుచికి సంబంధించినది, పొడి సరుకైతే అది దాటినా చూసి, వాసన చూసి వాడొచ్చు. "ఈ తేదీలోపే వాడాలి" అన్నది భద్రతకి సంబంధించినది, దాన్ని దాటకూడదు. తేదీ దగ్గరపడి తగ్గింపులో అమ్మేవి కొనేటప్పుడు ఈ తేడా తెలిస్తే డబ్బు మిగులుతుంది.

## మీది ఏ రకం ఇల్లు?

ఎదిగే పిల్లలు ముగ్గురు నలుగురు ఉన్న ఇల్లయితే శక్తికి లోటు రాకూడదు. నూనె, వేరుశనగలు తగ్గించకండి, తక్కువ బరువులో ఎక్కువ శక్తి వాటిలోనే ఉంది. ఐదేళ్లలోపు పిల్లలకి వేరుశనగలు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి, మెత్తగా దంచి ఇవ్వండి. బడిలో భోజనం పెడితే దాన్ని మీ లెక్కలో తీసేయండి, సెలవులు ఉన్న నెలకి మాత్రం మళ్లీ కలపడం మర్చిపోవద్దు. సెలవుల నెలలో బడ్జెట్ ఎందుకు తలకిందులవుతుందో చాలా ఇళ్లకి అర్థం కాదు, కారణం ఇదే.

గర్భిణి, బాలింత ఉన్న ఇంట్లో వాళ్లకే ముందు వడ్డించండి. గర్భం రెండో సగంలో రోజుకి 300 పైగా, పాలిచ్చే తల్లికి 500 దాకా కిలో క్యాలరీలు అదనంగా కావాలి. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఉన్న ఇంట్లో, కాగితం మీద లెక్క ఎంత బాగున్నా ఆమె కంచంలోకి ఏమీ రాదు. అందరి కంచాలూ ఒకేసారి వడ్డించి, ఆ తర్వాతే తినడం మొదలుపెట్టండి. ఈ వ్యాసంలో ఇంకేదీ పాటించకపోయినా ఇదొక్కటి పాటించమని బతిమాలుతున్నాను.

షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే ఇల్లంతటికీ వేరే వంట అక్కర్లేదు. ధాన్యం తగ్గించి పప్పు, కూర ఎక్కువ వేసిన కంచం వాళ్లకి, ధాన్యం ఎక్కువ వేసిన కంచం పనికెళ్లేవాళ్లకి. కుండ ఒకటే, కొలత వేరు.

దాతలు పంచే సరుకులు కూడా తెచ్చుకునేవాళ్లైతే వరుస మార్చండి. అక్కడ ఏం ఇస్తారో ముందు తెలియదు, కాబట్టి ఆ వారం అవి తెచ్చుకున్న తర్వాతే కొనడానికి వెళ్లండి. మూడు డబ్బాల చిక్కుడు గింజలు ఉచితంగా వస్తే ఆ వారం పప్పు డబ్బు గుడ్లకి వెళ్తుంది.

## అయినా చాలకపోతే

కోత పెట్టక తప్పని నెలలు వస్తాయి. అప్పుడు వరుస ముఖ్యం. ముందు పోవాల్సినవి కూల్‌డ్రింకులు, చిప్స్, బిస్కెట్లు, వండి అమ్మే తిండి. తర్వాత మాంసాన్ని పప్పుతో, గుడ్లతో భర్తీ చేయండి. ఆ తర్వాత ఖరీదైన పండ్లకి బదులు ఆ కాలపు కూరగాయలు. ఇంకా చాలకపోతే ధాన్యం కొంచెం పెంచి మిగతావి తగ్గించాల్సి వస్తుంది, శక్తి అయితే అందుతుంది కానీ దాన్ని ఒకటి, రెండు వారాలకి మించి సాగనివ్వకండి. అయోడిన్ ఉప్పు, నూనె, పప్పు, పిల్లలకీ తల్లికీ ఇచ్చే గుడ్డు లేదా పాలు, వీటి జోలికి చివరిదాకా వెళ్లొద్దు.

పసిబిడ్డ తిండిలో కోత అసలు ఉండకూడదు. ఆరు నెలల దాకా తల్లిపాలు ఇవ్వగలిగితే అదే అన్నిటికంటే మంచిది, ఖర్చూ తల్లి తిండికే. డబ్బా పాలు తాగే బిడ్డకి పొడి ఎక్కువ రోజులు రావాలని నీళ్లు ఎక్కువ కలపొద్దు, పోషకాలు అందవు సరికదా ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. ఏడాది నిండని బిడ్డకి దాని బదులు మామూలు పాలో మామూలు పాలపొడో పట్టడం కూడా సరికాదు. డబ్బా అయిపోవస్తోందని తెలిసిన రోజే, అది పూర్తిగా అయిపోకముందే, ఆరోగ్య కార్యకర్తకో సాయం ఇచ్చే కార్యాలయానికో వెళ్లి నేరుగా చెప్పండి: ఇంకా ఇన్ని రోజులకే ఉంది, బిడ్డ వయసు ఇన్ని నెలలు, మాకు ఇది కావాలి అని.